అందెశ్రీ పాట: ‘సహజకవి’ అన్న విశేషణంపై పునరాలోచన

సంగ్రహం

అందెశ్రీని తెలుగు సాహిత్యలోకం ‘సహజకవి’గా, ‘బడి మెట్లెక్కని కవి’గా గౌరవించింది. ఈ విశేషణాలలో ఆదరం ఉంది. అయితే ఆయన పాటలోని నిర్మాణ నైపుణ్యాన్ని పరిశీలించవలసిన అవసరం లేదన్న ధ్వని కూడా వాటిలోనే ఉంది. పశువుల కాపరిగా, భవన నిర్మాణ కార్మికుడిగా, ఉద్యమ గాయకుడిగా, సినీగీత రచయితగా, సంకలనకర్తగా, రాష్ట్రగీత కర్తగా సాగిన ఆయన వైవిధ్యభరితమైన కళాజీవితాన్ని ఈ వ్యాసం రెండు ప్రసిద్ధ గీతాల ఆధారంగా పరిశీలిస్తుంది. ఆయన భాషాస్థాయినీ లయనూ సందర్భానుసారం ఎంచుకున్న శిల్పి అని నిరూపించడం దీని ఉద్దేశం.

కీలక పదాలు: వాగ్గేయకారుడు, ధాతువు, మాతువు, దేశి, మాత్రాగణం, మాండలికం, రాష్ట్రగీతం

ప్రస్తావన

అందె ఎల్లయ్య 1961 జూలై 18న జనగామ సమీపంలోని రేబర్తిలో జన్మించారు. అది నాటి వరంగల్ జిల్లా గ్రామం. ఆయనకు బడి చదువు లేదు. బాల్యంలో పశువులను కాశారు, తరువాత ఇళ్ల నిర్మాణంలో కూలిగా, మేస్త్రిగా పనిచేశారు. ఆయన పాట విని శృంగేరి మఠానికి చెందిన శంకర్ మహారాజ్ చేరదీశారని జీవిత కథనాలు చెబుతాయి. ‘అందెశ్రీ’ పేరుతో రాసి పాడిన గీతాలు ఊరి వేదిక నుంచి సినిమాకు, ఉద్యమ సభ నుంచి పాఠశాల ప్రాంగణానికి, చివరకు ప్రభుత్వ ఉత్సవానికి చేరాయి. 2006లో ‘గంగ’ చిత్రగీతానికి నంది పురస్కారం లభించింది. కాకతీయ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ప్రదానం చేసింది. 2024లో ‘జయ జయహే తెలంగాణ’ రాష్ట్రగీతమైంది. 2025 నవంబరు 10న హైదరాబాదులో ఆయన కన్నుమూశారు.

ఇంత విస్తృతమైన కళాజీవితంపై వచ్చిన రచనల్లో అధికభాగం జీవిత విశేషాల దగ్గరే ఆగిపోవడం గమనించదగినది. చదువులేని వ్యక్తి ఇంత గొప్ప పాట ఎలా రాశాడన్న ఆశ్చర్యంతో అవి ఆరంభమవుతాయి, ఆ ఆశ్చర్యంతోనే ముగుస్తాయి. ఆశ్చర్యం ప్రశంసకు పనికివస్తుంది గాని విమర్శకు చాలదు. పాట ఎలా నిర్మితమైందన్న ప్రశ్న ఇంకా మిగిలే ఉంది.

సహజపాండిత్యం, సహజకవిత్వం

రేబర్తి ఉన్న జనగామ ప్రాంతానికి ‘సహజ’ శబ్దం కొత్తది కాదు. జనగామ జిల్లా పాలకుర్తి మండలంలోని బమ్మెర పోతన గ్రామంగా ప్రసిద్ధి పొందింది. పోతన తన భాగవత గద్యలో ‘సహజపాండిత్య’ అన్న విశేషణాన్ని తనకు తానే చేర్చుకున్నాడు. అక్కడ ‘సహజ’ శబ్దం పాండిత్యానికి విశేషణం. పాండిత్యం ఉంది, అది గురుముఖతః కాక సహజంగా అబ్బింది అని దాని అర్థం. అందువల్ల పోతన శబ్దాలంకారాలను, అంత్యప్రాసలను, సమాసరచనను విశ్లేషించడానికి ఏ విమర్శకుడూ వెనుకాడలేదు.

అందెశ్రీ విషయంలో అదే మాట స్థానం మారింది. ‘సహజకవి’ అన్నప్పుడు ‘సహజ’ శబ్దం పాండిత్యాన్ని విశేషించడం లేదు, దాని లేమిని సూచిస్తోంది. కవిత్వం ఊటలా తనంత తాను పుట్టిందనీ, అందులో ఎంపిక, సవరణ, సాధన లేవనీ ఆ మాట అన్యాపదేశంగా చెబుతోంది. పోతనకు గౌరవమైన మాటే అందెశ్రీకి పరిమితి అయింది.

మౌఖిక కవికి చదువు లేకపోవడం వేరు, శిక్షణ లేకపోవడం వేరు. మిల్మన్ పారీ యుగోస్లావియా గాయకులపై చేసిన కృషిని కొనసాగిస్తూ ఆల్బర్ట్ లార్డ్ 1960లో వెలువరించిన గ్రంథం ఈ భేదాన్ని స్పష్టం చేసింది. అక్షరం రాని గాయకుడు వినికిడి ద్వారా దీర్ఘకాలం అభ్యాసం చేస్తాడు. పలుకుబడులు, పాదాల కొలతలు, వర్ణనాక్రమాలు అతనికి కంఠస్థమవుతాయి. లార్డ్ పరిశీలించినది ప్రదర్శన సమయంలోనే అల్లుకునే వీరగాథలను. అందెశ్రీవి పల్లవి, చరణాలతో స్థిరమైన పాఠం గల గీతాలు. కాబట్టి ఆ సిద్ధాంతాన్ని ఉన్నదున్నట్లు ఇక్కడ అన్వయించలేము. అయితే నిరక్షరత అశిక్షితత్వం కాదన్న దాని మూలసూత్రం మనకు అవసరం.

వినికిడి బడి

జనగామ ప్రాంతంలో ఆ వినికిడి బడి చాలా పెద్దది. పాలకుర్తి సోమనాథుడు పదమూడవ శతాబ్దిలో ద్విపదను కావ్యచ్ఛందస్సుగా నిలబెట్టాడు. పండితారాధ్య చరిత్రలో తుమ్మెద పదాలు, ప్రభాత పదాలు, ఆనంద పదాలు, వెన్నెల పదాలు మొదలైన పాటల పేర్లను నమోదు చేశాడు. ఆ కాలపు పాటలు మనకు దక్కకపోయినా, పాటకు జాతులున్నాయని, ఒక్కో జాతికి ఒక్కో సందర్భముందని ఆ జాబితా తెలుపుతుంది. కొమురవెల్లి, ఐనవోలు మల్లన్న క్షేత్రాల చుట్టూ ఒగ్గు కథ బతికింది. జనగామ జిల్లా మాణిక్యపురానికి చెందిన చుక్క సత్తయ్య (1935–2017) ఆ కళను ఆరాధనా సందర్భం నుంచి దేశంలోని వేదికల దాకా తీసుకువెళ్లారు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య మరణించిన తరువాత సాయుధ పోరాటం ఊపందుకొని, జానపద బాణీలను రాజకీయ గీతాలుగా మలచుకుంది. దీనికితోడు ఊరూరా పాడుకునే తత్వాలున్నాయి.

సోమన దేశి, ఒగ్గు కథనం, పోరాటగీతం, తత్వం — ఇవన్నీ ఒకే నేలమీద వినిపించిన చోట పెరిగినవాడిని శిక్షణ లేని కవి అనడం సరికాదు. ఆ శిక్షణ బడి బయట జరిగింది. తెలుగు శాఖల్లో మనం చెప్పే ఛందస్సు కూడా ఒకప్పుడు చెవి నుంచే లక్షణ గ్రంథాలకు ఎక్కింది.

‘మాయమై పోతున్నడమ్మ’: మాండలికం, మాత్ర

అందెశ్రీకి విస్తృతమైన గుర్తింపు తెచ్చిన గీతం ‘మాయమై పోతున్నడమ్మ మనిషన్నవాడు’. ఆర్. నారాయణమూర్తి చిత్రం ‘ఎర్ర సముద్రం’ (2008) ద్వారా అది లక్షలాది శ్రోతలకు చేరింది. కరవైన మానవత్వాన్ని గూర్చిన విలాపం దాని వస్తువు. జంతువుల్లో దైవాన్ని చూసి మొక్కే మనిషి సాటి మనిషిని గుర్తించడన్న వైరుధ్యం, కొద్దిపాటి అగరొత్తుల ఖర్చుతో కోట్ల వరాలు కోరే భక్తిలోని బేరం ఇందులో ఎత్తిపొడుపుగా వస్తాయి. ఈ దృష్టి వేమన పద్యానికి, తత్వాలకు దగ్గరిది. ‘అమ్మ’ అన్న సంబోధన కూడా స్త్రీల పాటల నుంచి, తత్వాల నుంచి వచ్చినదే. వక్త ఉపదేశించడు. ఇంటి మనిషితో బాధ చెప్పుకొంటాడు. అందువల్ల తీవ్రమైన నింద సైతం వినేవారికి కటువుగా తోచదు.

ఈ పాటలోని మాండలికాన్ని ప్రాంతీయ పరిమళంగా మాత్రమే పేర్కొనడం పరిపాటి. శీర్షికగా నిలిచిన పల్లవి పాదాన్ని మాత్రల్లో విడదీస్తే మరొక సంగతి బయటపడుతుంది. ‘మాయమై’ ఐదు మాత్రలు. ‘పోతున్న’ ఐదు మాత్రలు. తరువాతి ‘డమ్మ’ మూడు మాత్రలై గానంలో సాగి ఐదింటి స్థానాన్ని నింపుతుంది. ‘మనిషన్న’ మళ్లీ ఐదు. ‘వాడు’ మూడు మాత్రలై దీర్ఘంతోనో విరామంతోనో ముగుస్తుంది. అంటే పాదానికి పంచమాత్రాగణం వెన్నెముక.

దీనిని ‘పోతున్నాడమ్మా’ అని ప్రమాణభాషలోకి మార్చి చూడండి. ‘పోతున్నా’ ఆరు మాత్రలవుతుంది, రెండో గణం దగ్గరే నడక తడబడుతుంది. తెలంగాణ క్రియారూపంలోని హ్రస్వమే ఈ పాదాన్ని నిలబెడుతోంది. కనుక ఇక్కడ మాండలికం పాట మీద చల్లిన అలంకారం కాదు, గణానికి ఆధారం. ‘పోతున్న’ దగ్గర గణం తెగి, ‘డమ్మ’ మీద పాట సాగడం వల్ల విలాపం బరువంతా సంబోధన మీద పడుతుంది. మాటకు విరుపు ఒకచోట, లయకు విరుపు మరొకచోట రావడం ఛందస్సు ఎరిగిన చెవి చేసే పని.

పదమూడవ శతాబ్ది శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరంలో వాగ్గేయకారుణ్ణి నిర్వచిస్తూ మాతువు అనగా సాహిత్యం, ధాతువు అనగా సంగీతం, రెండింటినీ నిర్మించేవాడని చెప్పాడు. శ్రేణులు చెప్పేటప్పుడు రమ్యమైన మాతువును రచించినా ధాతువులో మందుడైనవాణ్ణి అధముడిగా, మాతువులో మందుడైనా ధాతువును అధికంగా నిర్మించేవాణ్ణి మధ్యముడిగా పేర్కొన్నాడు. శాస్త్రం ధాతువుకు ఇచ్చిన ప్రాధాన్యం ఇది. మన పాట విమర్శ మాత్రం దాదాపు పూర్తిగా మాతువిమర్శ. పాటను పుస్తకంలోని కవితలా చదివి, భావాన్ని సంగ్రహించి, అలంకారాలను లెక్కిస్తున్నాము. ఆ పద్ధతిలో పైన చూపిన హ్రస్వం విలువ కనిపించదు. తెలంగాణలో ప్రజాగాయకులను వాగ్గేయకారులని పిలవడం స్థిరపడింది. ఆ పేరును గౌరవవాచకంగానే కాక విమర్శపరిభాషగా కూడా స్వీకరిస్తేనే దానికి సార్థకత.

‘జయ జయహే తెలంగాణ’: మరో భాష, మరో నడక

అందెశ్రీ రెండో ప్రసిద్ధ గీతానికి వస్తే మాండలిక క్రియారూపాలు పల్లవిలో వెనక్కి తగ్గి, సంస్కృత సమాసాలు ముందుకు వస్తాయి. మొదటి పాదం పంచమాత్ర కాదు, ఆరేసి మాత్రల గణాలుగా తెగుతుంది. ‘జయ జయహే’ ఆరు, ‘తెలంగాణ’ ఆరు. రాష్ట్రం పేరే ఒక పూర్తి గణమైంది. విలాపానికి ఎంచుకున్న నడక వేరు, సామూహిక స్తుతికి ఎంచుకున్న నడక వేరు. ఒకే కవి ఒకచోట ఇంటి మాటను, మరోచోట సభాభాషను వాడడం యాదృచ్ఛికం కాజాలదు. ‘సహజకవి’ అన్న మాట వివరించలేనిది సరిగ్గా ఈ ఎంపికనే.

ఈ గీతాన్ని దాని జాతికి చెందిన పాటల పక్కన నిలిపి చూడాలి. శంకరంబాడి సుందరాచారి ‘మా తెలుగు తల్లికి’ 1942 నాటి ‘దీనబంధు’ సినిమా కోసం పుట్టి, టంగుటూరి సూర్యకుమారి కంఠంలో ప్రసిద్ధమై, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రగీతమైంది. రెండింటిలోనూ నేలను తల్లిగా సంబోధించడం, నదులను, వీరులను, కవులను, శిల్పాలను వరుసగా పేర్కొనడం ఉన్నాయి. సుందరాచారి వరుసలో అమరావతి శిల్పం, త్యాగయ్య, తిక్కన, రుద్రమ్మ, మల్లమ్మ, తిమ్మరసు, కృష్ణరాయలు ఉన్నారు. అందెశ్రీ వరుసలో పోతన, రుద్రమ, కొమురం భీం, రామప్ప, చార్మినార్ ఉన్నాయి. రుద్రమ రెండు గీతాల్లోనూ నిలిచింది. వేర్పాటు కోరిన ఉద్యమం పాట జాతిని మాత్రం వదులుకోలేదు. అదే మూసను తీసుకొని అందులోని పేర్లను మార్చింది.

మార్చిన తీరులోనే కవి విజ్ఞత ఉంది. సుందరాచారి జాబితాలో ఆదివాసీ లేడు, ముస్లిం పాలకుల నిర్మాణం లేదు. అందెశ్రీ గోండు వీరుణ్ణి తల్లి బిడ్డగా పేర్కొన్నారు. కాకతీయుల రామప్పకు, గోలకొండ నవాబుల చార్మినార్‌కు సమానస్థానం ఇచ్చారు. తెలంగాణ సమ్మిశ్ర చరిత్రను రెండు కట్టడాల పేర్లతో చెప్పగలిగారు. జానపద జీవనాన్ని జావళులతో కలిపి చెప్పిన చోట కూడా ఇదే పద్ధతి. జావళి కచేరీకి, సభకు చెందిన రచన. దానిని జానపదుల సొత్తుగా చెప్పడం మార్గ, దేశి సరిహద్దును కావాలని చెరపడమే.

అయితే ఈ జాతి గీతానికి ఒక పరిమితి ఉంది, అది అందెశ్రీని కూడా బంధించింది. ఉద్యమకాలపు పాఠంలో సింగరేణి ప్రస్తావన వస్తుంది. బొగ్గు అక్కడ బంగారమై వెలుగులు చిమ్ముతుంది, ఖనిజాలు తల్లి తనువుకు సింగారమవుతాయి. భూపాలపల్లి సింగరేణి పట్టణం. అక్కడి పాఠకుడికి బొగ్గు అనగానే షిఫ్టు, సైరన్, గనిలోకి దిగే మనిషి గుర్తుకు వస్తారు. గీతంలో బొగ్గు ఉంది గాని, బొగ్గు తవ్వే మనిషి లేడు. స్వయంగా కూలి చేసిన కవి రాసిన స్తుతిలో శ్రమ ఆభరణంగా మారింది. ‘మాయమై పోతున్నడమ్మ’లో మనిషి ఏమయ్యాడని అడిగిన కవే ఇక్కడ ఆ మనిషిని కనిపించకుండా చేశారు. ఇది కవి హృదయంలో లోపమని అనలేము. తల్లినేలను నగలతో చూపే గీతజాతి సంప్రదాయం అది. సంపదను స్తుతించే పాట శ్రమను తడమాలంటే ఆ మూసనే పగలగొట్టాలి. అందెశ్రీ మూసలోని పేర్లను మార్చారు, మూసను మార్చలేదు.

ఉద్యమగీతం నుంచి రాష్ట్రగీతం దాకా

2014 జూన్ 2న రాష్ట్రం ఏర్పడింది. ఉద్యమకాలంలో సభల్లో, బడుల్లో మారుమోగిన ఈ పాటకు అధికారిక హోదా రావడానికి దాదాపు పదేళ్లు పట్టింది. 2024 ఫిబ్రవరి 4న మంత్రివర్గం దానిని రాష్ట్రగీతంగా నిర్ణయించింది. అదే ఏడాది జూన్ 2న ఎం.ఎం. కీరవాణి స్వరకల్పనతో విడుదలైంది. ఆ మధ్యలో తెలంగాణ గీతానికి తెలంగాణ సంగీతకారుడే స్వరం కట్టాలన్న వాదం చెలరేగింది. ఆ వాదంలో సంగీతకారుడి ప్రాంతంపై జరిగినంత చర్చ పాట లయపై జరగలేదు. ఉద్యమకారుల గొంతుల్లో సామూహికంగా నలిగిన బాణీకి, వాద్యబృందంతో కూర్చిన స్వరకల్పనకు మధ్య ధాతువు ఏ మేరకు మారిందన్నదే వాగ్గేయ విమర్శ అడగవలసిన ప్రశ్న.

పాఠం కూడా మారవలసి వచ్చింది. ఉద్యమకాలపు పాటలో పది జిల్లాల ప్రస్తావన ఉంది. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగి సంఖ్య 31కి, 2019లో 33కి పెరిగింది. జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి ఆనాడే జిల్లాలయ్యాయి. పాటలో కీర్తింపబడిన రామప్ప అప్పుడు భూపాలపల్లి జిల్లాలో ఉండి, 2019 నుంచి ములుగు జిల్లాలో ఉంది. మౌఖిక గీతం కాలంతోపాటు తనంత తాను మారుతుంది, అధికారిక గీతం ఉత్తర్వుతో మారుతుంది. మార్పు సమస్య కాదు. ఎవరి నోట, ఎవరి అనుమతితో మారుతున్నదన్నదే తేడా.

నిడివి విషయం కూడా విమర్శకు సంబంధించినదే. రాష్ట్రగీతానికి పదమూడున్నర నిమిషాల పూర్తి రూపం, రెండున్నర నిమిషాల సంక్షిప్త రూపం సిద్ధమయ్యాయి. అధికారిక సభల్లో వినిపించడానికి అనువైనది చిన్న రూపమే. అమెరికన్ జానపద గాయకుడు వుడీ గత్రీ 1940లో రాసిన ‘దిస్ ల్యాండ్ ఈజ్ యువర్ ల్యాండ్’ చరిత్ర ఇక్కడ స్మరణీయం. ప్రైవేటు ఆస్తిని, సహాయ కేంద్రం ముందు నిలబడ్డ ఆకలిగొన్న జనాన్ని ప్రస్తావించిన చరణాలు బడిపిల్లలు పాడే రూపంలో సాధారణంగా ఉండవు. దేశస్తుతి మిగిలింది, ప్రశ్న జారిపోయింది. సంక్షిప్తీకరణ ఎప్పుడూ నిష్పాక్షికం కాదు. ఏ చరణం మిగిలిందో, ఏది జారిందో నమోదు చేయడం పరిశోధకుల బాధ్యత.

ఇదే సందర్భంలో స్వచ్ఛత వాదాన్ని కూడా పరిశీలించాలి. 1965లో న్యూపోర్ట్ జానపద ఉత్సవంలో బాబ్ డిలన్ విద్యుత్ గిటారుతో పాడినప్పుడు, జానపదాన్ని వదిలేశాడన్న ఆగ్రహం వ్యక్తమైంది. 2016లో స్వీడిష్ అకాడమీ నోబెల్ పురస్కారంతో అతనిని సత్కరించినది అమెరికన్ గీతసంప్రదాయంలో కొత్త కవితాభివ్యక్తులను సృష్టించినందుకే. సాధనం మారడంతో సంప్రదాయం చావలేదు. మన పరిసరాల్లోనూ ఈ కొనసాగింపు ఉంది. భూపాలపల్లి ప్రాంతం నుంచి మిట్టపల్లి సురేందర్ ఉద్యమగీతంతో ఎదిగారు. మహబూబాబాద్ జిల్లా బయ్యారం ప్రాంతం నుంచి వచ్చిన భీమ్స్ సిసిరోలియో సినీసంగీత దర్శకుడై ‘బలగం’ (2023)కు స్వరాలు కట్టారు. ఆ చిత్రంలోని ‘ఊరు పల్లెటూరు’ పాటకు కాసర్ల శ్యామ్ జాతీయ ఉత్తమ గీతరచయిత పురస్కారం పొందారు. వీరిని జానపదానికి దగ్గరవారా దూరమైనవారా అని తూచడం కంటే, పాట వేదిక మారినప్పుడు దాని గణం, పలుకు, సంబోధన ఎలా మారుతున్నాయని చూడడం ఫలవంతం.

సంకలనకర్త అందెశ్రీ

అందెశ్రీ కళాజీవితంలో అంతగా చర్చకు రాని పార్శ్వం సంకలనం. దశాబ్దాల తెలంగాణ పాటను ‘నిప్పులవాగు’ పేరుతో ఆయన గ్రంథస్థం చేశారు. తన పాటకే పరిమితం కాక ఇతరుల పాటను సేకరించి, ఎంచి, వరుస కూర్చడం విమర్శకుడి పని. ఏది నిలుస్తుందో, ఏది ఏ పాట పక్కన ఉండాలో తేల్చుకోగల వివేకం లేనిదే సంకలనం సాధ్యం కాదు. అక్షరం లేని కవిగా ప్రసిద్ధుడైన వ్యక్తి అక్షరబద్ధమైన బృహత్సంకలనాన్ని అందించడం ‘సహజకవి’ ప్రతిమకు ఇమడదు. బహుశా అందుకే దానిపై చర్చ తక్కువ.

‘పల్లెనీకు వందనములమ్మో’, ‘గలగల గజ్జెలబండి’, ‘కొమ్మచెక్కితే బొమ్మరా’ వంటి పాటలను ఈ దృష్టితో చదవవలసి ఉంది. శీర్షికల్లోనే వందనం, అనుకరణ ధ్వని, సామెత వంటి నిర్మాణం అన్న మూడు వేర్వేరు పద్ధతులు కనిపిస్తాయి. ఒక్కొక్క దాని గణవిభజన, సంబోధన, క్రియారూపాలు పట్టిక కడితే ఆయన రచనాపద్ధతిపై నిర్దిష్టమైన నిర్ధారణలకు రావచ్చు.

ముగింపు

పై పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతాయి. ఒకటి, అందెశ్రీ మాండలికాన్ని లయావసరంగా, సంస్కృత సమాసాన్ని సభావసరంగా ఎంచుకున్నారు. ఆ ఎంపిక శిల్పం. రెండు, రాష్ట్రస్తుతి గీతజాతిలో ఆయన తెచ్చిన మార్పు పేర్ల వరుసకు సంబంధించినది. శ్రమజీవిని స్తుతిలోకి తీసుకురావడంలో ఆ జాతి పరిమితిని ఆయన దాటలేదు. మూడు, అధికారిక హోదా పాటకు గౌరవంతోపాటు స్థిరపాఠాన్ని, సంక్షిప్త రూపాన్ని తెచ్చింది. కాబట్టి ఉద్యమకాలపు పాఠాలను, బాణీలను ధ్వనిముద్రణలతో సహా భద్రపరచడం తెలుగు శాఖల తక్షణ కర్తవ్యం. అచ్చయిన పాఠం గ్రంథాలయంలో ఉంటుంది. పాట పాడిన గొంతులు మాత్రం ఒక్కొక్కటిగా వెళ్లిపోతున్నాయి.

విశ్వవిద్యాలయం అందెశ్రీకి డాక్టరేటు ఇచ్చి గౌరవించింది. పోతన పద్యానికి ఇచ్చిన శ్రద్ధనే ఆయన పాటకూ ఇచ్చి, మాత్ర లెక్కించి, బలాన్నీ పరిమితినీ ఒకే నిష్ఠతో చెప్పినప్పుడే ఆ గౌరవం పూర్తవుతుంది.